కట్లెట్టుకు తోడు ఏది? ఖరగ్‌పూర్ కాసుంది, జపాను తోన్‌కాట్సు సాసు, తెలుగింటి ఆవ

రొట్టె పొడి అద్ది నూనెలో వేయించిన కట్లెట్టును ఎవరూ ఒంటరిగా వడ్డించరు. పైన కరకరలాడే పెచ్చు, లోపల మెత్తని మాంసం, చేప లేదా కూరగాయల ముద్ద, రెంటినీ అంటిపెట్టుకున్న నూనె. రెండు ముక్కలు తినేసరికి నాలుక మొద్దుబారుతుంది. ఆ జిడ్డును కోయడానికి పులుపో, తీపో, ఘాటో కావాలి. జపానులో ఆ పనిని ముదురు గోధుమరంగులో చిక్కగా ఉండే తోన్‌కాట్సు సాసు చేస్తుంది. బెంగాల్‌లో పసుపుపచ్చని కాసుంది చేస్తుంది. ఒకదానిలో చింతపండు పూర్వాపరాలు, రెండవదానిలో ఆవపిండి ఘాటు ఉన్నాయి. చింతపండు, ఆవాలు రెండూ తెలుగువారి వంటింటి సరుకులే. బెంగాలీ వంటకూ తెలుగు వంటకూ నిత్యం పొత్తు కుదిరే ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ విషయానికి ప్రత్యేకమైన సందర్భం ఉంది.

రైలు తెచ్చిన తెలుగు, రైలు తెచ్చిన కట్లెట్టు

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ హావ్‌డాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షన్‌నూ, కర్మాగారాన్నీ నెలకొల్పింది. 1900లో కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తి కావడంతో హావ్‌డాకు నేరుగా దారి ఏర్పడింది. తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం ఆ తరువాత ఇదే సంస్థ చేతికి వచ్చింది. ఆ మార్గం వెంబడి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరాయి. కర్మాగారంలో, లోకో షెడ్డులో, యార్డులో పనిచేసిన ఆ తరాల వారసులు నేటికీ అక్కడ ఉన్నారు. తెలుగు మాట్లాడే జనం గణనీయంగా ఉన్న కారణంగానే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది.

ఖరగ్‌పూర్ పేరు దేశమంతటికీ తెలియడానికి రెండు కారణాలు. ఒకటి 1072.5 మీటర్ల పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించే వరకు ప్రపంచంలో అతి పొడవైనది ఇదే. రెండవది 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైన తొలి ఐఐటీ. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్లు, బెంగాలీలు, తెలుగువారు, ఒడియావారు, బిహారీలు, పంజాబీలు ఇరుగుపొరుగుగా జీవించడం వల్ల దీనికి చిన్న భారతదేశం అన్న పేరు స్థిరపడింది.

రొట్టె పొడి అద్దిన కట్లెట్టు భారతదేశానికి ఆంగ్లేయుల వంటింటి నుంచి వచ్చింది. రైల్వే భోజనశాలలు, క్లబ్బులు, ఆంగ్లో ఇండియన్ ఇళ్లు దానిని దేశమంతటా వ్యాపింపజేశాయి. ఫిరంగి వంటకం స్టేషన్లలో టీకి తోడై, క్రమంగా బండిలో అమ్మే ఫలహారంగా మారింది. ఈనాడు రైలు ప్రయాణికుడికి కట్లెట్టు అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, చిన్న పొట్లంలో టమాటా సాసు. బెంగాల్ నేలపై మాత్రం దాని సహజమైన తోడు కాసుంది.

ఒకే మాట, రెండు దారులు

ఫ్రెంచి భాషలో పక్కటెముక ముక్కను సూచించే కోత్‌లెత్ అన్న మాటే ఇంగ్లీషులో కట్లెట్ అయింది. ఇదే మాట జపానులో కాట్సురెత్సు అయి, కుదించుకొని కాట్సుగా మిగిలింది. పంది మాంసాన్ని తెలిపే తోన్ అన్న పదం ముందు చేరి తోన్‌కాట్సు ఏర్పడింది.

జపానులో శతాబ్దాల పాటు బౌద్ధ ప్రభావం వల్ల మాంసాహారంపై నిషేధాలు ఉండేవి. 1872లో మేజీ చక్రవర్తి గోమాంసం భుజించిన సంగతి బహిరంగం కావడంతో పాశ్చాత్య వంటలకు దారి తెరుచుకుంది. టోక్యోలోని గిన్‌జాలో 1895లో ప్రారంభమైన రెంగాతేయ్ భోజనశాల, 1899 ప్రాంతంలో పంది మాంసపు కట్లెట్టును నిండు నూనెలో వేయించి, సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీతో వడ్డించడం మొదలుపెట్టింది. మందపాటి ముక్క, గరుకైన రొట్టె పొడి, ముందే కోసి చాప్‌స్టిక్‌లతో తినడానికి వీలుగా పెట్టడం అనే నేటి రూపం 1920ల చివర, 1930లలో స్థిరపడింది.

బెంగాల్‌లోనూ ఇదే జరిగింది. కోల్‌కతాలో కేబిన్ అని పిలిచే చిన్న భోజనశాలలు కట్లెట్టును తమ సొంతం చేసుకున్నాయి. రొయ్యల కట్లెట్టు, చేప ఫ్రై, బీట్‌రూట్ వేసిన కూరగాయల చాప్ ఇలా పుట్టినవే. గిలకొట్టిన గుడ్డు సొన వలలాగా చుట్టుకునే కవిరాజీ కట్లెట్టు మరో సృష్టి. కప్పడం అన్న అర్థమున్న ఇంగ్లీషు మాట కవరేజ్ నుంచి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఆయుర్వేద వైద్యుణ్ణి బెంగాలీలో కవిరాజు అంటారు గనుక దానికి ముడిపెట్టేవారూ ఉన్నారు.

బెంగాల్‌కూ జపానుకూ వంట ద్వారా మరో బంధం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం వెదుకుతుండగా 1915లో జపాను చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్‌కు టోక్యోలో నకమురాయా దుకాణం యజమానులైన సోమా దంపతులు ఆశ్రయమిచ్చారు. వారి కుమార్తెను ఆయన వివాహమాడారు. 1927లో ఆ దుకాణం భోజనశాల తెరిచినప్పుడు ఆయన నేర్పిన భారతీయ కూర అక్కడ ప్రత్యేక వంటకమైంది. అంతకుముందే బ్రిటన్ మీదుగా జపాను చేరిన పిండి కలిపిన చిక్కని కూర వేరు, ఇది వేరు. కట్లెట్టుపై పోసే జపాను కాట్సు కర్రీ మొదటి రకానికి చెందినది.

గోధుమరంగు సాసులో చింతపండు

తోన్‌కాట్సు సాసుకు మూలం ఇంగ్లాండులోని వూస్టర్‌షైర్ సాసు. లీ, పెర్రిన్స్ అనే ఇద్దరు మందుల వ్యాపారులు 1837లో దానిని అమ్మకానికి పెట్టారు. బెంగాల్ గవర్నరుగా పనిచేసి తిరిగి వెళ్లిన లార్డ్ శాండిస్ ఆ తయారీ విధానాన్ని తీసుకువెళ్లాడన్న కథ ప్రచారంలో ఉంది. అయితే ఆ పేరుగల గవర్నరు బెంగాల్‌ను ఎన్నడూ పాలించలేదు. కథ కల్పితమైనా, సాసులోని చింతపండు మాత్రం నిజం. వెనిగర్, బెల్లపు మడ్డి, ఉల్లి, వెల్లుల్లి, సుగంధ ద్రవ్యాలు, నిలవ ఉంచిన యాంకోవీ చేపలు అందులోని మిగిలిన సరుకులు.

ఆ సాసు మేజీ కాలంలో జపాను చేరింది. అక్కడి తయారీదారులు చేప వాసన తగ్గించి, ఆపిల్, టమాటా, క్యారెట్, ఉల్లి వంటి పళ్లు, కూరగాయల గుజ్జు పెంచారు. 1902లో ప్రారంభమైన బుల్‌డాగ్ సంస్థ ఈ రంగంలో పాతది. నీళ్లలా ఉండే సాసు కట్లెట్టుపై నిలవదు గనుక చిక్కని రకం అవసరమైంది. కోబే నగరానికి చెందిన ఆలివర్ సంస్థ 1948లో చిక్కని తోన్‌కాట్సు సాసును విపణిలోకి తెచ్చింది. నేటి జపాను ప్రమాణాలు చిక్కదనాన్ని బట్టి ఈ సాసులను మూడుగా విభజిస్తాయి. పలుచనిది వూస్టర్, మధ్యరకం చూనో, చిక్కనిది నోకో. తోన్‌కాట్సు సాసు మూడవ వర్గానిది. పళ్లెం అంచున కరాషి అనే ఘాటైన ఆవముద్దను కూడా పెడతారు. అంటే జపాను కట్లెట్టు సైతం ఆవ లేనిదే పూర్తి కాదు.

కాసుంది, ఆవకాయ ఒకే ఋతువు పంటలు

కాసుంది బెంగాలీల పులిసిన ఆవముద్ద. సంప్రదాయం ప్రకారం వైశాఖంలో, అక్షయ తృతీయ నాడు దానికి శ్రీకారం చుడతారు. ఆవాలను కడగడం, ఎండబెట్టడం, దంచడం అన్నీ మడితో, నియమంతో సాగుతాయి. కాచి చల్లార్చిన ఉప్పునీటిలో ఆవపిండిని కలిపి మట్టికుండలో నిలవచేస్తారు. పచ్చిమామిడి చేర్చితే అది ఆమ్ కాసుంది.

తెలుగువారికి ఇది అపరిచితం కాదు. సరిగ్గా ఆ రోజులలోనే మామిడికాయలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీలకెత్తుతారు. ఆవ పెట్టిన అరటికాయ కూర, పనసపొట్టు కూర, ఆవ కలిపిన పులిహోర, పెరుగుపచ్చడి కోస్తా జిల్లాల విందు భోజనాలలో నేటికీ ఉన్నాయి.

అయితే రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆవకాయలో నీటి చుక్క ఉండదు. ఉప్పు, నూనె దానిని ఏడాది కాపాడతాయి. కాసుందిలో నీరు ఉంటుంది. దానిని కాపాడేవి ఉప్పు, పులుపు మాత్రమే. ఆవకాయ ధైర్యంతో కాసుందిని నెలల తరబడి బయట ఉంచితే బూజు పట్టక తప్పదు.

ఘాటు ఎలా పుడుతుంది

పొడి ఆవగింజను నోట వేసుకుంటే మొదట ఘాటు తెలియదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము వేర్వేరు గదులలో ఉంటాయి. గింజ చితికి నీరు తగిలినప్పుడు రెండూ కలిసి ఆలిల్ ఐసోథయోసయనేట్ అనే ఆవిరయ్యే నూనె పుడుతుంది. ముక్కుకు ఎక్కే ఘాటు అదే. పసుపు ఆవాలలో సినిగ్రిన్ బదులు సినాల్బిన్ ఉంటుంది. దాని నుంచి పుట్టే పదార్థం అంతగా ఆవిరి కాదు. అందువల్ల పసుపు ఆవాల కారం నాలుకపైనే నిలుస్తుంది. నల్ల లేదా గోధుమరంగు ఆవాలు, పసుపు ఆవాలు కలిపి వాడటంలోని రహస్యం ఇదే.

దీని నుంచి మూడు నియమాలు వస్తాయి. మొదటిది, నూరేటప్పుడు చల్లని నీరే వాడాలి. మరిగే నీరు ఎంజైమును చంపుతుంది. అప్పుడు ఘాటు రాదు, చేదు మాత్రం మిగులుతుంది. రెండవది, నూరిన తరువాత పది, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. మూడవది, ఆ తరువాతే వెనిగర్ లేదా నిమ్మరసం చేర్చాలి. ముందే పులుపు తగిలితే ఎంజైము నెమ్మదిస్తుంది. ఘాటు వచ్చాక చేర్చితే ఆ ఘాటు ఎక్కువ కాలం నిలుస్తుంది. చేదు తగ్గడానికి ఆవాలతో పాటు ఉప్పు, పచ్చిమిర్చి కలిపి నూరడం బెంగాలీ గృహిణుల అలవాటు. మిక్సీలో ఆపకుండా తిప్పితే ముద్ద వేడెక్కి చేదెక్కుతుంది. కొద్దికొద్దిగా, ఆగి ఆగి తిప్పాలి.

ఇంట్లో కాసుంది

నల్ల ఆవాలు 50 గ్రాములు, పసుపు ఆవాలు 50 గ్రాములు కడిగి, బట్టపై ఆరబెట్టాలి. చెక్కు తీసిన పచ్చిమామిడి ముక్కలు 150 గ్రాములు, పచ్చిమిర్చి ఐదారు, ఉప్పు మూడు చెంచాలు, పసుపు అర చెంచా, వెనిగర్ 100 మిల్లీలీటర్లు, ఆవనూనె రెండు పెద్ద చెంచాలు సిద్ధం చేసుకోవాలి. ఆవాలను ముందు పొడిచేసి, కాచి చల్లార్చిన నీరు సుమారు 100 మిల్లీలీటర్లు, ఉప్పు, పచ్చిమిర్చి చేర్చి మెత్తగా నూరి పావుగంట ఉంచాలి. తరువాత మామిడి, పసుపు, వెనిగర్ వేసి మరోసారి తిప్పి, చివర నూనె కలపాలి. మరిగే నీటితో శుభ్రపరచి ఆరబెట్టిన గాజు సీసాలో నింపి, ఫ్రిజ్‌లో ఉంచాలి. రెండు రోజుల తరువాత చేదు తగ్గి రుచి కుదురుతుంది. తడి చెంచా ముట్టించకుండా రెండు మూడు వారాలలో వాడుకోవడం మంచిది. బూజు, నురగ, మూత ఉబ్బడం కనిపిస్తే పైపొర తీసి వాడటం తగదు, మొత్తం పారవేయాలి.

ఇంట్లో తోన్‌కాట్సు సాసు

సులభమైన పద్ధతి ఇది. టమాటా కెచప్ నాలుగు పెద్ద చెంచాలు, వూస్టర్‌షైర్ సాసు రెండు, సోయా సాసు ఒకటి, పంచదార ఒకటి కలిపి, పంచదార కరిగే వరకు గిలకొడితే చాలు. దోరగా వేయించి నలిపిన నువ్వులు చల్లితే జపాను భోజనశాలల రుచికి దగ్గరగా వస్తుంది.

చేప ముట్టనివారికి వూస్టర్‌షైర్ సాసు పనికిరాదు. వారికి తెలుగింటి సరుకులే ఆధారం. టమాటాలు పావు కిలో, ఒక ఆపిల్, ఒక ఉల్లిపాయ, గింజ తీసిన ఖర్జూరాలు నాలుగైదు, చిన్న అల్లం ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, అర చెంచా మిరియాలు ఒక గ్లాసు నీటితో పాతిక నిమిషాలు ఉడికించాలి. దాల్చినచెక్క తీసివేసి, మెత్తగా రుబ్బి వడగట్టాలి. ఉసిరికాయంత చింతపండు నుంచి తీసిన గుజ్జు, రెండు పెద్ద చెంచాల బెల్లం, రెండు పెద్ద చెంచాల సోయా సాసు, రెండు పెద్ద చెంచాల వెనిగర్ చేర్చి, గరిటెకు అంటుకునేంత చిక్కబడే వరకు సన్నని సెగపై ఉంచాలి. సోయా సాసులో ఉప్పు ఉంటుంది గనుక చివర రుచి చూసిన తరువాతే ఉప్పు వేయాలి. ఇది ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

ఆవాల విషయంలో ఏమరుపాటు ప్రాణం మీదికి తెస్తుంది. పొలంగట్లపై పెరిగే ముళ్ల కలుపుమొక్క బ్రహ్మదండి గింజలు చూపునకు ఆవాలను పోలి ఉంటాయి. వాటి నూనె కలిసిన ఆవనూనె తింటే కాళ్లు వాచి, గుండె దెబ్బతినే ఎపిడమిక్ డ్రాప్సీ వ్యాధి వస్తుంది. 1998లో ఢిల్లీలో ఈ కల్తీ 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. అంతకు పదేళ్ల ముందు, 1988లో, కోల్‌కతాలోని బెహాలాలో మరో విషపదార్థం కలిసిన వంటనూనె వల్ల వందలాది మంది కాళ్లు చచ్చుబడ్డాయి. ఆవాలను పళ్లెంలో పరచి చూడటం తేలికైన పరీక్ష. ఆవగింజ నున్నగా ఉంటుంది, చిదిమితే లోపల పసుపురంగు కనిపిస్తుంది. బ్రహ్మదండి గింజ పైపొర గరుకుగా, లోపల తెల్లగా ఉంటుంది. విడి ఆవనూనె కంటే ముద్ర వేసిన ప్యాకెట్ నూనె క్షేమం.

సీసా సాసు కొనేవారు ముందుగా గుర్తును చూడాలి. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, గోధుమరంగు త్రికోణం మాంసాహారానికి చిహ్నం. దిగుమతి సాసులలో చేప, సోయా, గోధుమ ఉండవచ్చు. ఆవాలు పడనివారూ ఉన్నారు. ఐరోపా సంఘం లేబులుపై తప్పనిసరిగా ప్రకటించవలసిన 14 అలర్జీ కారకాలలో ఆవాలు ఒకటి. ఉప్పు మరో లెక్క. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సాసు, కాసుంది రెండూ ఉప్పు అధికంగా ఉన్నవే గనుక రక్తపోటు ఉన్నవారు ఆ కొలతలో వీటినీ చేర్చుకోవాలి.

ఏ కట్లెట్టుకు ఏది

తోడును ఎంచుకునే సూత్రం సరళమైనది. కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసానికి తీపి, పులుపు కలిసిన చిక్కని సాసు నప్పుతుంది. జపాను వారు పంది మాంసానికి తోన్‌కాట్సు సాసు వాడటానికి కారణం అదే. కోడిమాంసానికీ అది సరిపోతుంది. చేపకు, రొయ్యకు తీపి పొసగదు. వాటి సున్నితమైన రుచిని కప్పివేయకుండా, నీచువాసనను మాత్రం అణచే కాసుంది మేలు. బంగాళాదుంప, బీట్‌రూట్, క్యారెట్ వేసిన కూరగాయల కట్లెట్టులో తీపి ముందే ఉంటుంది. దానికి మళ్లీ తీపి కెచప్ చేర్చడం కంటే కాసుంది గానీ, పల్చగా చేసిన పెరుగు ఆవ గానీ రుచిని సరిదిద్దుతాయి.

ఏ సాసునైనా కట్లెట్టుపై ముందే పోయడం తగదు. తడి తగిలిన పెచ్చు నిమిషాలలో మెత్తబడుతుంది. చిన్న గిన్నెలో పక్కన పెట్టి, తినేముందు అంచు మాత్రం అద్దుకోవాలి. నూనె 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య కాగినప్పుడే పెచ్చు గట్టిగా నిలుస్తుంది. అంతకు తక్కువైతే నూనె పీల్చుకుంటుంది. అలాంటి కట్లెట్టును ఏ సాసూ కాపాడలేదు. సన్నగా తరిగిన క్యాబేజీ లేదా ఉల్లిపాయ, కీరా ముక్కలు పక్కన ఉంటే సాసు అవసరం సగానికి తగ్గుతుంది.

సీసా సాసు చవకగా, సులభంగా దొరుకుతున్న ఈ రోజులలో వైశాఖ మాసపు కాసుంది బెంగాలీ ఇళ్లలోనే అరుదవుతోంది. తెలుగు ఇళ్లలో రోట్లో నూరిన ఆవదీ అదే దారి. ఒక తరం చేతి కొలతలు కాగితానికెక్కకుండా పోతే తరువాతి తరానికి మిగిలేది కంపెనీ రుచి ఒక్కటే. వంద గ్రాముల ఆవాలు, రెండు మామిడికాయలు, పావుగంట ఓపిక ఉంటే ఆ నష్టాన్ని ప్రతి వేసవిలోనూ పూడ్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవారు ఉన్నప్పుడే వారి పక్కన కూర్చుని ఆ కొలతలు రాసిపెట్టుకోవడం అందుకు మొదటి అడుగు.